శత్రువు చెప్పిన సాక్ష్యము

పదాతి సైనికుడు యుద్ధభూమిలో నేలకొరిగినప్పుడు ప్రక్కన మరొక సైనికుడుండును. వాని తుదిమాట వినువాడో, రక్తము తుడుచువాడో, దేహమును భుజముపై వేసికొని వెనుకకు మోసికొని వచ్చువాడో ఒకడుండును గనుక, ఆ వార్త ఎంత దారుణమైనదైనను, ఇంటికి చేరునాటికి దానికొక కాలము, ఒక స్థలము, ఒక కథ ఏర్పడియుండును. ఒక్కడే కూర్చుండు విమానములో శత్రుదేశముమీదికి పోయి తిరిగిరాని వైమానికుని సంగతి అట్టిది కాదు. వెంట వచ్చినవారు తరిగిపోవుచున్న ఇంధనమును లెక్కించుకొనుచు, నేలను రాసికొని పోవునంత తక్కువ ఎత్తున, నిమిషమునకు పది మైళ్ల వేగముతో ఇంటిదిక్కునకు పరుగిడుచుండగా, వెనుక ఏమి జరిగినదో తిరిగి చూచుటకు ఎవరికిని వ్యవధి ఉండదు. స్థావరమున దిగి విమానములను లెక్కపెట్టుకొనునప్పుడు ఒకటి తక్కువైనదని మాత్రము తెలియును. ఇంటికి పోవు తంతిలో గల్లంతైనాడను మాటకు మించి వ్రాయుటకు ఏమియు ఉండదు.

దేహము దొరకని మరణము ఇంటిలో ఎంతటి చిక్కు తెచ్చిపెట్టునో మన పెద్దలు ఎరుగనిది కాదు. దర్భలతో ప్రతిమ చేసి దానికి సంస్కారము జరుపుమని ధర్మశాస్త్రకారులు చెప్పినారన్నచో, అట్టి మరణములు ఆ కాలముననే కలవనియు, నిరీక్షణ అను నరకమునుండి బంధువులను విడిపించుటకు ఏదో ఒక ఉపాయము కావలసి వచ్చినదనియు తెలియుచున్నది. ఏడేండ్లు జాడ తెలియనివానిని మరణించినవానిగా భావింపవచ్చునని సాక్ష్యచట్టము సైతము ఒక గడువు పెట్టినది. కాని శాస్త్రము చెప్పినను, చట్టము చెప్పినను, వీధితలుపు చప్పుడైనప్పుడెల్ల తలయెత్తి చూచు ఇల్లాలికి ఆ గడువులు వర్తింపవు. నొసట బొట్టు ఉంచుకొనవలెనో తీయవలెనో తేల్చి చెప్పగల అధికారి ఏ కార్యాలయములోను ఉండడు.

స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య కథ నాకు ఈ సందర్భమున గుర్తుకు వచ్చుచున్నది. కర్ణాటకములోని కొడగు సీమలో, కాఫీతోటల నడుమనున్న కుర్చి గ్రామమునకు చెందిన ఆ దేవయ్య 1932 డిసెంబరు 24న జన్మించి, 1954లో వైమానికదళమున చేరి, ఎగురుట నేర్చుకొను యువకులకు గురువై, 1965 యుద్ధమునాటికి భార్యయు ఇద్దరు కుమార్తెలును గల గృహస్థుగా ఉన్నాడు. అజ్జమాడ అనునది మన ఇంటిపేరు వంటిది. ఆ సీమవారైన కొడవులలో ఒక్కొక్క వంశమునకు ఐన్‌మనె అను మూలగృహమును, దాని చెంత పితరులకు దీపము పెట్టు కైమడయు ఉండును. ఎక్కడ ఉద్యోగము చేయుచున్నవాడైనను పండుగకు ఆ ఇంటికి రావలెను. ఆయుధచట్టములో నేటికిని ప్రత్యేకమైన మినహాయింపుగల జనము వారు. మగబిడ్డ పుట్టినప్పుడు ఒక తూటాను, మనిషి పోయినప్పుడు రెండు తూటాలను గాలిలోనికి పేల్చి ఊరికి చాటుట వారి ఆచారము. సెప్టెంబరు మొదటివారములో వచ్చు కైల్‌పొళ్దు పండుగనాడు తుపాకులను, కత్తులను కడిగి, పూలు పెట్టి పూజింతురు. ఫీల్డు మార్షల్ కరియప్ప, జనరల్ తిమ్మయ్య పుట్టిన ఆ చిన్న సీమలో సైనికుడు కానివాని కంటె సైనికుడైనవాని పేరు పెద్దలనోట ముందుగా పలుకునన్నను అతిశయోక్తి కాదు. అట్టి సీమకు సైతము తన బిడ్డ ఒకడు ఎట్లు మరణించినదియు ఇరువది మూడేండ్లపాటు రూఢిగా తెలియలేదు.

1965 సెప్టెంబరు 6వ తేదీ సాయంకాలమున పాకిస్తాను సేబర్ జెట్లు పఠాన్‌కోటపై విరుచుకుపడి, నేలమీద నిలిపియున్న మన విమానములను పలువాటిని తగులబెట్టినవి. మరునాటి వేకువన మన ఒకటవ స్క్వాడ్రన్‌కు చెందిన మిస్టేర్ విమానములు, వింగ్ కమాండర్ ఓ.పి. తనేజా నాయకత్వమున ఆదంపూరు స్థావరమునుండి లేచి సరగోధా వైపు సాగినవి. సరగోధా అనగా పాకిస్తాను వైమానికబలమునకు ఆయువుపట్టు. సరిహద్దునకు చాల లోపల ఉన్నది. మిస్టేరు పోయి రాగల దూరమునకు అది తుది అంచు. అక్కడ ఆగి శత్రువుతో తలపడినచో తిరిగి ఇల్లు చేరుటకు ఇంధనము చాలదను లెక్క ఆ దాడికి బయలుదేరిన ప్రతి చోదకునికిని తెలిసినదే. దేవయ్య ఆనాటి పట్టికలో మొదట ఉన్నవాడు కాడు. ఎవరి విమానమైనను మొరాయించినచో ఆ చోటు నింపుటకు సిద్ధముగా ఉంచిన అదనపు చోదకుడు. ఒకటి మొరాయించినది, అతడు లేచినాడు.

దాడి ముగించుకొని మరలుచున్న మిస్టేరులను ఫ్లైట్ లెఫ్టినెంట్ అంజాద్ హుస్సేన్ నడుపుచున్న స్టార్‌ఫైటర్ పట్టుకొన్నది. అతనిది ధ్వనివేగమునకు రెట్టింపు వేగమున పోగల అమెరికా విమానము. దేవయ్యది మట్టముగా ఎగురునప్పుడు ధ్వనివేగమును అందుకొనలేని ఫ్రెంచి విమానము. పందెపు గుర్రముతో దుక్కిటెద్దును జోడు కట్టినట్టి పోటీ అది. అంజాద్ హుస్సేన్ గుళ్లు మిస్టేరును తాకినవి. తాకినవని చూచి, దాని పని తీరినదని తలచి, అతడు మరొక విమానమును వెదకుచు ముందుకు పోయినాడు. ఇక్కడనే మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. దెబ్బతిన్న ఆ విమానములో కూర్చున్నవానికి అప్పటికి రెండే దారులున్నవి: తూర్పుదిక్కున సాగి, సాగినంత దూరము సాగి, ఎక్కడనో పొలములలో దుమికి ప్రాణము దక్కించుకొనుట ఒకటి, తన తోటివారి వెంటపడబోవుచున్న ఆ వేగవంతుని అడ్డుకొనుట రెండవది. దేవయ్య వెనుదిరిగి శత్రువు వెంటబడినాడు. స్టార్‌ఫైటర్ ఎంత వేగముగలదైనను దాని రెక్కలు పొట్టివి; తక్కువ ఎత్తున, తక్కువ వేగమున మలుపులు తిరుగుటలో అది మిస్టేరునకు సాటి రాదు. ఆ లోపమును తెలిసిన గురువు ఆ లోపముననే కొట్టినాడు. అతని ఫిరంగి గుళ్లు తాకి స్టార్‌ఫైటర్ అదుపు తప్పినది. అంజాద్ హుస్సేన్ పారాచూటుతో దుమికి బ్రతికినాడు. దేవయ్య బ్రతుకలేదు. అతని దేహమును అక్కడి పల్లెవారు తమ పొలములలో ఖననము చేసినారని పాకిస్తానీయుల కథనము. మరణించునాటికి అతనికి 32 ఏండ్లు.

ఆదంపూరులో దిగినవారికి ఇదంతయు తెలియదు. చూచినవాడొక్కడే, ఆ చూచినవాడు శత్రువు. పాకిస్తానులో సెప్టెంబరు 7వ తేదీ ఏటేట వైమానికదళ దినోత్సవముగా జరుగుచున్నది. సరగోధా ఆకాశమున ఆనాడు తమవారు చూపిన పరాక్రమమును వారు ఘనముగా స్మరించుకొందురు. అదే తేదీన, అదే ఆకాశమున, తమ అత్యుత్తమ విమానములలో ఒకటిని ఒక పాత మిస్టేరు కూల్చివేసినదను సంగతి మనవారి పుస్తకములలో అప్పటికి ఎక్కడను లేదు. 1979లో జాన్ ఫ్రికర్ అను ఆంగ్లేయుడు, పాకిస్తాను వైమానికదళమువారి సహకారముతో, వారి పక్షమునుండి ఆ యుద్ధచరిత్రను వ్రాసి ప్రకటించినాడు. ఆ గ్రంథములో ఈ ద్వంద్వయుద్ధము వెలుగు చూచినది. ఆ మిస్టేరు చోదకుడెవడని మనవారు తమ లెక్కలతో సరిచూచుకొనగా దేవయ్య పేరు తేలినది. నాటి దళనాయకుడైన తనేజా పదవీవిరమణానంతరము ఈ విషయమును పైవారి దృష్టికి తెచ్చినాడు. 1988లో భారత ప్రభుత్వము దేవయ్యకు మహావీరచక్రమును ప్రకటించినది. యుద్ధములో ఇచ్చు పురస్కారములలో పరమవీరచక్రము తరువాతిది అది. అప్పటికి ఆ కుమార్తెలు తండ్రి మరణించిననాటి వయస్సునకు చేరువగుచున్నారు.

దీనిని చదివి ప్రభుత్వమును దూషించుటకు సిద్ధపడువారుందురు. నేను ఆ పని చేయను. తెలియనిదానికి పతకము ఇచ్చుట ఎట్లు? సాక్ష్యము లేని పరాక్రమమునకు పురస్కారములు పంచిపెట్టుట మొదలిడినచో ఆ పతకములకు విలువయే ఉండదు. నా ఫిర్యాదు వేరొకటి. ఫ్రికర్ గ్రంథము వెలువడిననాటినుండి పతకము వచ్చువరకు తొమ్మిదేండ్లు పట్టినది. ఆ తొమ్మిదేండ్లను ఏ సాక్ష్యాభావమును సమర్థింపలేదు. తన పరాభవమును తానే చెప్పుకొన్న శత్రుచోదకుని నిజాయితీకి మనవారి దస్త్రములు నడచిన వేగము తగినది కాదు.

ఇక్కడ మరొక కొడవుని కథ చెప్పక తప్పదు. దేవయ్య కూలిన పదిహేను దినములకు, సెప్టెంబరు 22న, ఫీల్డు మార్షల్ కరియప్ప కుమారుడైన ఫ్లైట్ లెఫ్టినెంట్ కె.సి. కరియప్ప విమానము కూలి, అతడు యుద్ధఖైదీగా చిక్కినాడు. ఒకప్పుడు కరియప్ప క్రింద పనిచేసిన అయూబ్ ఖాన్ అప్పుడు పాకిస్తానుకు అధ్యక్షుడు. ఆ యువకుని ప్రత్యేకముగా చూచెదనని అతడు కబురంపగా, ఖైదీలందరును తన బిడ్డలేనని, అందరితోపాటే వానినీ చూడుమని తండ్రి బదులు చెప్పినాడను సంగతి దేశమంతయు ఎరుగును. మన పాఠశాలలలో ఉపాధ్యాయులు సైతము చెప్పుదురు. చెప్పదగినదే. కాని ఒకే సీమనుండి, ఒకే నెలలో, ఒకే దళమునుండి శత్రుభూమిపై కూలిన ఇద్దరిలో, ఒకని పేరు ఇంటింటికి తెలిసి రెండవవాని పేరు రెండు దశాబ్దములు మరుగుపడుటకు వారి శౌర్యములలోని తారతమ్యము కారణము కాదు. ఒకనికి ఆ వార్తను దేశము వినునట్లు చేయగల తండ్రి ఉన్నాడు. బ్రతికి తిరిగివచ్చి, తరువాత ఎయిర్ మార్షల్ అయి, తన కథను తానే చెప్పగల ఆయుర్దాయమును ఉన్నది. రెండవవానికి చెప్పువాడు లేడు. అట్టివాని పక్షమున నోరు విప్పవలసినది అతని ఊరు.

కొడగు ఆ పని చేసినదనియే చెప్పవలెను. మడికేరి పట్టణములో పాత బస్‌స్టాండు సమీపమున నున్న కూడలికి దేవయ్య పేరు పెట్టినారు. సెప్టెంబరు 7న అక్కడ చేరి పూలమాలలు వేయుదురు. ఆ పట్టణమున కరియప్పకును తిమ్మయ్యకును విగ్రహములున్నవి. తిమ్మయ్య పుట్టిన ఇల్లు 2021లో మ్యూజియము అయినది. అయినను కూడలికి పేరు పెట్టుటను గూర్చి నాకొక సందేహము చాలకాలముగా కలదు. కూడలి పేరు మొదటి ఏడు స్మారకము. పదియేండ్లకు అది ఆటోవాడు అడుగు చిరునామా. ఇరువదియేండ్లకు అది రెండక్షరములుగా కుదించుకుపోయి, ఆ అక్షరముల వెనుక మనిషి ఒకడుండెనని తెలిసినవారు వీధికి ఒకరో ఇద్దరో మిగులుదురు. కలకత్తాలోని భవానీపురమున ఇంద్రా రాయ్ రోడ్డని ఒకటి కలదు. 1918 జూలైలో పదునాలుగు దినముల వ్యవధిలో పది శత్రువిమానములను కూల్చుటలో పాలుపంచుకొని, ఆ నెల 22న ఫ్రాన్సు ఆకాశమున ఇరువది ఏండ్లు నిండకయే మరణించిన ఇంద్రలాల్ రాయ్ పేరది. ఆ వీధిలో నడచువారిలో ఎందరికి ఆ సంగతి తెలియునో ఊహించుట కష్టము కాదు. ఫ్రాన్సులోని ఎస్తెవెల్ గ్రామశ్మశానమున నున్న అతని సమాధిపై మాత్రము బెంగాలీ భాషలో నాలుగు మాటలున్నవి. అది వీరుని సమాధి యనియు, గౌరవింపుడనియు, తాకవలదనియు వాని సారాంశము.

ఇక సినిమా. 2025 జనవరిలో వచ్చిన స్కై ఫోర్స్ అను హిందీ చిత్రమునకు ఆధారము ఈ సరగోధా దాడియే; దేవయ్య కథయే. కాని తెరమీద అతని పేరు దేవయ్య కాదు, టి. కృష్ణ విజయ అని మరొక పేరు. అసలు మనిషి ప్రస్తావన చివరకు వచ్చును. నిర్మాతల ఇబ్బందులు నిర్మాతలకుండవచ్చును; కథలో కల్పన చేర్చినప్పుడు అసలు పేరు పెట్టకుండుట న్యాయమని వాదింపవచ్చును. అయినను ఇరువది మూడేండ్లు పేరు తెలియక మరుగున పడినవానికి, పేరు తెలిసిన తరువాత కూడ వేరొకరి పేరు తగిలించుట నాకు రుచింపలేదు. అజ్జమాడ అను ఆ ఇంటిపేరు పలుకుటకు హిందీవారికి కష్టమని తలచిరేమో! సేబర్, స్టార్‌ఫైటర్ పలుకగల నోళ్లకు అది అంత కష్టము కాదు.

స్మరణలో పేరొక్కటియే చాలదని మన పూర్వులకు తెలుసును. తెలుగునాటను కన్నడదేశమునను పొలములగట్లపై, చెరువుకట్టల క్రింద, ఊరిబయట చింతచెట్ల నీడను నిలిచియున్న వీరగల్లులను చూడుడు. క్రింది అరలో వీరుడు బాణము పట్టియో కత్తి దూసియో పోరాడుచుండును. పశువులను తోలుకొనిపోవువారితో పోరు అయినచో ఆ పశువులను సైతము శిల్పి విడిచిపెట్టడు. నడిమి అరలో అప్సరసలు వానిని చెరియొక చేయి పట్టి మీదికి కొనిపోవుచుందురు. పై అరలో అతడు శివలింగము ముందు కూర్చుండియుండును. శాసనమున్నచో వాడెవడో, ఎవని కొడుకో, ఏ రాజు కాలమున, ఎవరితో పోరి, దేనికొరకు పడినాడో అందులో ఉండును. అక్షరజ్ఞానము లేనివాడు సైతము ఆ రాతి ముందు నిలిచి కథ చెప్పగలడు. కారెంపూడిలో వీరులగుడి ఎదుట కార్తీక అమావాస్యకు నేటికిని పల్నాటి వీరుల ఆరాధన జరుగుచున్నదన్నచో, అక్కడ ఆయుధములతోపాటు కథాగానము కూడ నిలిచియుండుటయే కారణము. పేరు చెక్కి కథను విడుచుట మనము ఈ మధ్యనే నేర్చుకొన్న విద్య.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ఆవిష్కరించిన జాతీయ యుద్ధస్మారకమున పాతికవేలకు పైగా పేర్లు రాతి పలకలపై ఉన్నవి. అంతమందికి అక్కడ కథ చెప్పుట సాధ్యము కాదు, అది దాని పనియు కాదు. ఆ పని ఊళ్లది. ఇది మన తెలుగునాటికి వర్తించునంతగా మరెక్కడను వర్తింపదేమో. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము వంటి గ్రామము ప్రపంచయుద్ధముల కాలమునుండి సైనికులను పంపుచు మిలిటరీ మాధవరమని పేరు పొందినది. అక్కడివారు తమవారిని మరువలేదు. తక్కిన ఊళ్లలో మనము చేయుచున్నదేమి? విశాఖ సముద్రతీరమున నిలిపిన టి.యు.-142 విమానము ముందు పిల్లలను నిలువబెట్టి ఫోటోలు తీయుదుము. దుండిగల్ అకాడమీలో శిక్షణ పొందు యువకుల విమానములు తల మీదుగా పోవుచుండగా చేయెత్తి చూపుదుము. 1999 మే 28న కార్గిల్ యుద్ధములో తోలోలింగ్ వద్ద క్షిపణి తగిలి కూలిన ఎం.ఐ.-17 హెలికాప్టరులో మరణించిన నలుగురు వైమానికులలో, పేరు చూడగనే తెలుగువాడని పోల్చుకొనదగిన సార్జెంట్ పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్ ఒకడు. మరణానంతరము వాయుసేన పతకము పొందినవాడు. ఈ వ్యాసము చదువుచున్నవారిలో ఆ పేరు ఇదివరలో విన్నవారు ఎందరు?

యుద్ధవీరులను తలచుకొనుట యుద్ధమును కోరుకొనుటయే యని కొందరు మిత్రులు అందురు. వారి భయము నిరాధారమని నేననను. మైకులలో వీరుల పేర్లు అరచువారిలో పలువురికి ఆ వీరులతో పని లేదు, ఆ అరుపుతోనే పని. కాని దేవయ్య కథను ఉన్నది ఉన్నట్లు చెప్పువాడు ద్వేషమును బోధింపజాలడు. ఎందుకన్నచో ఆ కథను మనకిచ్చినది అంజాద్ హుస్సేన్. తాను కూల్చినాననుకొన్నవాడు తిరిగివచ్చి తన్ను కూల్చినాడని ఒప్పుకొన్న శత్రువును తొలగించినచో, దేవయ్య మనకు మిగులడు. అతడు శత్రువు కానక్కరలేదని నేననుట లేదు. శత్రువై యుండియే నిజము చెప్పినాడు. దేవయ్యకు ఏటేట దండ వేయువారు ఆ మాట కూడ సభలో చెప్పవలెనని నా కోరిక.

చూచినవారున్న కథ ఎట్లుండునో చూడుడు. లూధియానా జిల్లా ఇసేవాల్ గ్రామమునకు చెందిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ 1971 డిసెంబరు 14న శ్రీనగరముపై బాంబులు పడుచుండగనే తన నాట్ విమానమును లేపి, ఆరు సేబర్లకు ఎదురు నిలిచి మరణించినాడు. వైమానికదళమునకు నేటివరకు వచ్చిన ఏకైక పరమవీరచక్రము అతనిది. విమాన శకలములు లోయలో దొరకినవి, దేహము దొరకలేదు. కాని స్థావరమునుండి చూచినవారుండుటచే అతని కథ వెంటనే లోకమునకు తెలిసినది. చూచినవారున్నవారికిని లేనివారికిని నడుమ అంతరము ఇంతే.

కావున పాఠకులను నేను కోరునది ఒక్కటి. మీ ఊరిలో, మీ మండలములో యుద్ధములో మరణించినవాడెవడైన ఉన్నచో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు పోయి వాని పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా, అతడు పనిచేసిన దళము, మరణించిన తేదీ, మరణించిన చోటు అడిగి వ్రాసికొనుడు. అతనితో పనిచేసినవారు ఇంకను బ్రతికియున్నచో వారికి జాబు వ్రాయుడు. 1965లో పాతికేండ్లవాడు నేడు ఎనుబది దాటినవాడు గనుక ఆలస్యము చేయవలదు. ఆ కుటుంబము సమ్మతించినచో, దొరకిన కథను ఒక పుటలో చక్కగా వ్రాయించి, అతడు చదివిన పాఠశాల గోడకు తగిలింపుడు. కూడలికి పేరు ఆ తరువాత పెట్టవచ్చును.